శ్రీకాకుళం వాళ్లూ జాగ్రత్త: వెంపటి వారి బొమ్మ వేసి టికెట్లు అమ్ముతున్నారు

కూచిపూడి నాట్యగురువు వెంపటి చినసత్యం గారి ఫోటో పెద్దగా వేసి, ‘క్షీరసాగర మథనం, సంపూర్ణ కూచిపూడి నృత్యనాటకం, లైవ్ ఆర్కెస్ట్రాతో’ అన్న పోస్టర్ మీ వాట్సాప్‌కి వస్తే, డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. ఇదే పోస్టర్‌తో మా విజయనగరంలో టికెట్లు అమ్మారు. ముందు వరసలు 800, వెనక 500. ఇంట్లో నలుగురం వెళ్లాం. అక్కడ వేసింది ఆ నాటకం కాదు. వచ్చే నెల శ్రీకాకుళంలో పెడతామని స్టేజీ మీదే చెప్పారు, అందుకే రాస్తున్నాను.

ఆరింటికి అన్న ప్రోగ్రామ్ ఏడున్నర దాటాక మొదలైంది. అంతవరకూ శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు. అది మనకి అలవాటే, సర్దుకున్నాం. తెర లేచాక చూస్తే తాళాలు వేస్తూ నాట్యాన్ని నడిపించే నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు కూర్చోవాల్సిన పక్క ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు ఉన్నాయి. ఆర్కెస్ట్రా ఏదండీ అని అడిగితే, ‘ట్రాక్ అయితే క్లారిటీ బాగుంటుంది సార్’ అన్నాడు వాలంటీరు.

ఇక నాటకం. క్షీరసాగర మథనం భుజంగరాయ శర్మ గారి రచన. దేవదానవులు రెండు బారులుగా వాసుకిని లాగడం, హాలాహలం పుట్టడం, శివుడు దాన్ని గొంతులో నిలపడం, లక్ష్మి రావడం, చివర మోహిని అమృతం పంచడం, ఇవన్నీ ఒకదాన్నుంచి ఒకటి పెరుగుతూ పోతేనే అది నృత్యనాటకం. ఇక్కడ హాలాహలం పుట్టింది గానీ శివుడు రాలేదు. నేరుగా లక్ష్మి వచ్చేసింది. మోహిని లేనే లేదు. దేవతలకీ రాక్షసులకీ ఒకటే రంగు డ్రెస్సులు, ఎవరు ఎటు లాగుతున్నారో మా అమ్మకి చివరిదాకా తెలియలేదు. అంతా కలిపి నలభై నిమిషాలు ఉండొచ్చు. తర్వాత వేరే వేరే డాన్స్ స్కూళ్ల పిల్లల ఐటమ్స్, ఆపైన సర్టిఫికెట్లు.

పిల్లల్ని ఒక్క మాట కూడా అనను. లక్ష్మి వేషం కట్టిన పాపకి పదేళ్లుంటాయేమో. రెండు చేతులూ భుజాల దగ్గర కపిత్థం అనే హస్తముద్ర పట్టి ముందుకొస్తుంటే పాట ఆగిపోయింది. ల్యాప్‌టాప్ దగ్గర కుర్రాడు కంగారుపడి మొదటినుంచీ పెట్టాడు. ఆ పాప చేతులు దించలేదు, మొహంలో నవ్వు పోనివ్వలేదు. అలాగే వెనక్కి నడిచి, మళ్లీ తాళానికి అడుగేస్తూ వచ్చింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ పాప తల్లి మా పక్క వరసలోనే ఉన్నారు. స్టేజీ ఎక్కించడానికి పిల్లకి ఇంత అని, డ్రెస్సుకి ఇంత అని విడిగా కట్టించుకున్నారట. పైగా ఇంట్లో వాళ్లు చూడాలంటే మళ్లీ టికెట్ కొనాలి. అటు పిల్లల దగ్గరా, ఇటు ప్రేక్షకుల దగ్గరా వసూలు చేసి, ఆర్కెస్ట్రాకి ఇవ్వాల్సిన డబ్బు మిగుల్చుకున్నారని నా నమ్మకం.

నాకు ఇంత బాధ ఎందుకంటే, వెంపటి వారి పేరంటే మన జిల్లాల వాళ్లు ఊరికే కదిలిరారు. ఆయన 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు, 1998లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన నృత్యనాటకాలు ఎన్నింటికో సంగీతం కట్టిన పట్రాయని సంగీతరావు గారు మన వాళ్లు. వాళ్ల నాన్నగారు సీతారామశాస్త్రి గారు, సాలూరి చిన గురువు గారు, మన విజయనగరం సంగీత కళాశాలలో ఘంటసాలకి పాఠం చెప్పిన మనిషి. ఆ రోజు సాలూరు నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దవాళ్లు కనబడ్డారు నాకు. వాళ్లకి స్పీకరు పెట్టె చూపించి పంపారు.

పోస్టర్ మళ్లీ తీసి చూశాను. మాస్టారి పేరు, ఫోటో ఉన్నాయి. ఆయన 2012లోనే పోయారు, కాబట్టి ఆడేది ఎవరో చెప్పాలి కదా. అది లేదు. బృందం పేరు లేదు, లక్ష్మో మోహినో ఏ వేషం ఎవరు కడుతున్నారో లేదు, పాడేవాళ్ల పేర్లు లేవు. నిజంగా పెద్ద బృందం వస్తుంటే నిర్వాహకులు ఆ పేర్లే ముందు వేసుకుంటారు. కాబట్టి ఫోన్ చేసి అడగండి: ఏ బృందం, నట్టువాంగం ఎవరు, పాడేదెవరు, మొత్తం నాటకమా కొన్ని ఘట్టాలా? నోటిమాట చాలదు, మెసేజ్‌లో పెట్టమనండి. పెట్టకపోతే టికెట్ కొనకండి. మీ పిల్లల్ని ఆడిస్తామంటూ డబ్బడిగితే రసీదు లేకుండా ఇవ్వకండి.

డబ్బు వెనక్కి అడిగితే మొదట ‘చూసేశారు కదా సార్’ అన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. నేను ఊరుకోను. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, మన టికెట్ లాంటి చిన్న మొత్తాలకి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. ఆ రోజు వచ్చినవాళ్లు యూపీఐ స్క్రీన్‌షాట్, పోస్టర్ ఫోటో, టికెట్ ముక్క పారేయకండి. స్టేజీ మీద ల్యాప్‌టాప్ కనబడేలా వీడియో తీసినవాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, అది చాలా అవసరం. పిల్లల తరఫున డబ్బు కట్టిన తల్లిదండ్రులు కూడా కలిసొస్తే అందరం కలిసి ఒకే ఫిర్యాదు వేద్దాం.