మూడు కాలాల గది, నాలుగు కాలాల గది: నోవైలో మా సన్‌రూమ్ అనుభవం

మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో 2019లో మేము కొన్న ఇంటికి వెనుకవైపు అప్పటికే ఒక అద్దాల గది ఉండేది. చలికాలం తప్ప మిగతా మూడు కాలాలలో వాడేది కనుక ఇక్కడివారు మూడు కాలాల గది అని పిలిచే ఆ గదితో నాలుగు శీతాకాలాలు గడిపి, 2023 వేసవిలో దానిని తీసివేయించి, అదే చోట నాలుగు కాలాల గది, అంటే ఏడాది పొడవునా వాడుకోదగిన సన్‌రూమ్ కట్టించుకున్నాము. కొత్త గదిలో ఇప్పటికి రెండు శీతాకాలాలు గడిచాయి. రెండు రకాలనూ ఒకే ఇంట్లో, ఒకే దిక్కున చూశాము కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. జనవరిలో కూర్చోలేని గదికి డబ్బు పెట్టనక్కర్లేదు. కూర్చోగలిగే గదికి అయ్యే ఖర్చు భరించగలిగి, పగలంతా ఇంట్లో ఉండే మనిషి ఒక్కరైనా ఉంటే మాత్రం ఆ సొమ్ముకు విలువ దక్కుతుంది.

పాత గది పలుచని అల్యూమినియం చట్రాలతో, ఒంటి పొర అద్దాలతో, ఇంటి వెనుక ఆరుబయట వేసే చెక్క వేదిక, అంటే డెక్ మీదనే నిలబెట్టినది. చట్రం లోపలి నుంచి బయటికి ఒకే లోహం కావడంతో నవంబరు రాగానే లోపలివైపు చెమ్మ పట్టి, డిసెంబరులో ఆ చెమ్మే మంచుగా పేరుకునేది. జూలై మధ్యాహ్నం తలుపు తీస్తే ముఖానికి వడగాడ్పు కొట్టినట్టుండేది. అన్నీ లెక్క వేసుకుంటే ఏడాదికి నాలుగు నెలలకు మించి అక్కడ కూర్చున్నది లేదు. మొదటి ఏడాది, బయటికన్నా వెచ్చగా ఉంటుందనుకుని కరివేపాకు కుండీని అక్కడ పెడితే, ఒక్క రాత్రి చలికి ఆకులన్నీ నల్లబడి రాలిపోయాయి. చిన్న కరెంటు హీటరు పెట్టి చూశాము కానీ, అది చిల్లుల కుండలో నీళ్లు పోసినట్టే అయింది.

ఆ చట్రంలోనే అద్దాలు మార్చి, ఏసీ బిగిస్తే సరిపోదా అని మమ్మల్ని చాలామంది అడిగారు, మేమూ అదే ఆలోచించాము. సరిపోదు. అద్దాలకు ముందు చూడవలసినది పునాది. మిషిగన్‌లో శీతాకాలంలో నేల లోతుగా గడ్డకట్టి ఉబ్బుతుంది కనుక, ఇంటికి కలిపి కట్టే గది పునాది 42 అంగుళాల లోతుకు దిగాలి. రెండు పొరల అద్దాల బరువునూ, పైకప్పు మీద పడే మంచు బరువునూ మోయడానికి పాత డెక్ పనికిరాదని చూడవచ్చిన ముగ్గురు కాంట్రాక్టర్లూ ఒకే మాటగా చెప్పారు. పైగా, కింద గాలి ఆడే చెక్క నేల మీద ఎంత మంచి అద్దం పెట్టినా కాళ్లు చల్లబడుతూనే ఉంటాయి. అందుకే 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున కొత్త పునాది వేయించి, నేలకు ఇన్సులేషన్ పెట్టించాము.

అద్దం విషయంలో నేను ఎక్కువ సమయం వెచ్చించాను, అది వృథా కాలేదు. ఇక్కడ కిటికీల మీద అంటించే లేబుల్‌లో ముఖ్యమైన అంకెలు రెండు ఉంటాయి. యూ-ఫ్యాక్టర్ అనేది లోపలి వేడి ఎంత బయటికి పోతుందో చెబుతుంది, అది ఎంత తక్కువైతే అంత మంచిది. రెండోది, ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే అంకె. ఇది అన్ని వైపులా తక్కువగానే ఉండాలనుకోవడం పొరపాటు. మా అక్షాంశంలో జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 71 డిగ్రీల ఎత్తున ఉంటే, డిసెంబరు 21న 24 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. కాబట్టి దక్షిణపు గోడకు వేసవి ఎండను చూరు ఆపుతుంది, చలికాలపు ఎండ గది చివరి దాకా వస్తుంది, ఆ ఎండ మనకు కావలసినదే. పడమర అలా కాదు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దుగుంకదు, అంతసేపూ వాలు ఎండ నేరుగా కొడుతుంది. అందుకని దక్షిణానికి ఎండను ఎక్కువగా రానిచ్చే అద్దాన్నీ, పడమరకు బాగా అడ్డుకునే అద్దాన్నీ వేరువేరుగా ఎంచుకున్నాము. పైకప్పు కూడా అద్దంతోనే వేయిస్తే అందంగా ఉంటుందని ఒక కంపెనీ బొమ్మలు చూపింది. పాత గది జూలైలను గుర్తుచేసుకుని వద్దన్నాము, నురుగు పలకల మామూలు కప్పు వేయించాము.

అమ్మకం తీరు గురించి హెచ్చరించడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఇంటికి వచ్చిన ఒక ప్రతినిధి మూడు గంటలు కూర్చుని, ఈ రాత్రే సంతకం చేస్తేనే ఇంత తగ్గింపు అని గట్టిగా ఒత్తిడి చేశాడు. ఇంట్లో కూర్చుని చేసుకున్న ఇలాంటి ఒప్పందాన్ని మూడు పని దినాల లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం కొనుగోలుదారుకు ఉంది. అది తెలిసి ఉండడం వల్ల నేను తొందరపడలేదు. చివరికి ఒక స్థానిక సంస్థకు పని అప్పగించాము. చలికాలంలో వేడిని, వేసవిలో చల్లదనాన్ని ఇచ్చే మినీ స్ప్లిట్ హీట్ పంపుతో, పర్మిట్ రుసుముతో కలిపి 64 వేల డాలర్లు అయింది.

పని మొత్తం మీద బాగానే చేశారు, కానీ ఒక్క చోట తప్పారు. కొత్త కప్పు పాత గోడను కలిసే అతుకు దగ్గర వేసిన రేకు సరిగా కూర్చోలేదు. మొదటి ఫిబ్రవరిలో మంచు కరుగుతుండగా మూల నుంచి నీళ్లు కారి గోడ ఉబ్బింది. నాలుగు సార్లు ఫోన్ చేశాక, ఏప్రిల్‌లో వచ్చి ఆ భాగం విప్పి తిరిగి వేశారు. వారంటీలో అద్దానికీ చట్రానికీ ఇరవయ్యేళ్లు అని పెద్ద అక్షరాలలో ఉంటే, నీళ్లు కారడానికి అసలు కారణమయ్యే పనితనానికి రెండేళ్లు మాత్రమే ఉంది. సంతకానికి ముందు చదవవలసినది ఆ రెండో పంక్తి.

ఇక వాడకం. తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్న మా అమ్మ పొద్దున కాఫీ నుంచి సాయంత్రం దాకా ఆ గదిలోనే గడిపింది. "వీధి అరుగు మీద కూర్చున్నట్టుందిరా, మనుషులే లేరు గానీ" అంది. సరస్సుల మీదుగా వచ్చే మబ్బుల వల్ల నవంబరు నుంచి జనవరి దాకా ఎండ అరుదు, దానిని ఏ అద్దమూ తేలేదు. అయినా మబ్బు పగటి వెలుతురు కూడా లోపలి గదులకన్నా ఎన్నో రెట్లు నయం. కొత్త కరివేపాకు మొక్క రెండు చలికాలాలు దాటింది. జూలైలో అమ్మ వడియాలు పెట్టింది. ఉడతల బెడద లేదు గానీ, కిటికీలు తీసి ఫ్యాను వేసినా ఎండడానికి మూడు రోజులు పట్టింది. ఒక అపోహ మాత్రం వదులుకోవాలి: డి విటమిన్ కోసమని ఇందులో కూర్చోవడం వృథా, ఎందుకంటే దానికి కావలసిన కిరణాలను కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. డాక్టరు రాసిన మాత్రలు వేసుకోవలసిందే.

అమ్మేటప్పుడు పెట్టినదంతా తిరిగి వస్తుందని ఆశించి కట్టించవద్దు. బ్యాంకుల నుంచి గృహరుణాలను కొనే ఫ్యానీ మే అనే సంస్థ రుణాల కోసం చేసే ఇంటి విలువ అంచనాలలో, 2022 ఏప్రిల్ నుంచి విస్తీర్ణం కొలవడానికి ఒక నిర్ణీత ప్రమాణం తప్పనిసరి అయింది. దాని ప్రకారం ఏడాది పొడవునా నివసించడానికి తగినట్టు పూర్తిచేసిన భాగమే ఇంటి విస్తీర్ణంలో చేరుతుంది, అంటే మా పాత గది ఆ లెక్కలోకే వచ్చేది కాదు. పన్ను సంగతి మరొకటి. మిషిగన్‌లో 1994లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజల్ ఏ అనే పన్ను సవరణ వల్ల, ఇల్లు చేతులు మారనంత కాలం పన్ను విధించే విలువ ఏటా ద్రవ్యోల్బణం, 5 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి పెరగకూడదు. కొత్తగా కట్టిన భాగానికి ఆ రక్షణ లేదు. దాని విలువ అదనంగా చేరుతుంది, మా పన్ను బిల్లూ ఆ మేరకు పెరిగింది.

భార్యాభర్తలిద్దరూ ఉదయం ఆఫీసుకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చే ఇంటికి ఈ ఖర్చు నేను సిఫారసు చేయను. వేసవి సాయంత్రాల కోసమే అయితే డెక్ చుట్టూ దోమతెరలు బిగించుకోవడం చాలు. నేను మళ్లీ కట్టిస్తే మార్చేది ఒక్కటే: తూర్పు వైపు ఖర్చు తగ్గించడానికి తెరుచుకోని అద్దాలు పెట్టించాను, వాటిలో రెండైనా తెరుచుకునేవి ఉంటే మే నెల ఉదయాలలో హీట్ పంపు ముట్టుకోవలసిన అవసరమే ఉండేది కాదు.