పాత బెంజ్‌తో ఆల్ప్స్ ఘాట్ రోడ్లు: గ్రాస్‌గ్లాక్నర్ నుంచి నాక్‌ఆల్మ్ దాకా

పాత కారుకు గ్రాస్‌గ్లాక్నర్ కన్నా నాక్‌ఆల్మ్ రోడ్డే మంచిదని నేనంటే మా క్లబ్బులో సగం మంది ఒప్పుకోరు. గ్లాక్నర్‌కు ఉన్న పేరు అలాంటిది మరి. రెండూ ఆస్ట్రియాలోని కొండ రోడ్లే. గ్లాక్నర్ 1935లో తెరిచిన రోడ్డు. 48 కిలోమీటర్ల పొడవు, 36 హెయిర్‌పిన్ మలుపులు, 2504 మీటర్ల ఎత్తున హోఖ్‌టోర్ సొరంగం. ఫ్రాంజ్ వాలాక్ అనే ఇంజనీరు ఆ కొండ మీద రోడ్డును తిప్పిన తీరు చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కార్ల కంపెనీలు కొత్త మోడళ్ల బ్రేకులను పరీక్షించడానికి ఇక్కడికి వస్తుంటాయి. జూన్ ఆఖర్లో క్లబ్బుతో కలిసి ఈ రెండు రోడ్లూ ఒకే యాత్రలో నడిపాను. ఏ రోడ్డు ఎలా ఉంది, ఎక్కడ బస బాగుంది, కారు ఆగిపోతే దిక్కెవరు అన్నది మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మెర్సిడెస్ డబ్ల్యూ124 సిరీస్‌లో 230ఇ, ఆటోమేటిక్. ముప్పై ఏళ్లు దాటింది. జర్మనీలో 30 ఏళ్లు నిండి, అసలు రూపు చెడకుండా ఉన్న కారుకు నంబరు చివర చారిత్రక వాహనమన్న గుర్తుగా ‘హెచ్’ అక్షరం ఇస్తారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా ఆ 30 ఏళ్ల లెక్కనే పాటిస్తుంది. అయితే ఆ అక్షరం వచ్చాక కారును గుడ్డ కప్పి మూలన పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నిలబడి ఉన్న కారులో రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోల్ పాతబడుతుంది, బ్రేక్ డిస్కులకు తుప్పు పడుతుంది. నడిస్తేనే ఆ కారు ఆరోగ్యంగా ఉంటుంది. క్లబ్ డ్రైవ్‌లంటే నాకు ఇష్టం కూడా అందుకే. తేదీ ఒకటి ఖాయమైతే వాయిదా పడుతూ వచ్చిన పనులన్నీ అప్పుడు పూర్తవుతాయి.

ఘాట్ రోడ్డుకు వెళ్లే ముందు ఒక్క పనే చేయించే వీలుంటే బ్రేక్ ఆయిల్ మార్పించండి. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. నీరు 3.7 శాతం చేరితే మరిగే స్థాయికి ప్రమాణం 155 డిగ్రీలే. దిగుడులో బ్రేకులు వేడెక్కి, ఆ ఆయిల్ మరిగి బుడగలు పుడితే పెడల్ నేల దాకా పోతుంది, కారు మాత్రం ఆగదు. పైకి ఏమీ కనిపించదు, ఊళ్లో తిరిగినంత కాలం తెలియనూ తెలియదు. అందుకే బాడీకి పాలిష్ పెట్టించే ముందు ఈ పని చూసుకోవాలి. రెండేళ్లకోసారి మార్చమని తయారీదారులు ఊరికే చెప్పరు.

రెండోది టైర్లు. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాడి లోతు నిండుగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. కొన్ని టైర్లకు ఆ అంకెలు లోపలి వైపు ఉంటాయి, కారు కింద తల పెట్టి చూడక తప్పదు. ఇక కూలెంట్, హోస్ పైపులు, రేడియేటర్ మూత. 2500 మీటర్ల ఎత్తున మామూలు నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. లోపల ఒత్తిడి పట్టి ఉంచే ఆ చిన్న మూత బాగుంటేనే ఇంజన్ చల్లగా ఉంటుంది.

మా క్లబ్ డ్రైవ్ నడిపించిన పద్ధతి నాకు బాగా నచ్చింది. బళ్లన్నీ ఒకే బారుగా పోకుండా ఐదారు కార్ల గుంపులుగా విడదీశారు. ప్రతి గుంపుకూ ముందో కారు, వెనక పనిముట్లతో ఇంకో కారు. కూడలి వచ్చినప్పుడు ముందు కారు వెనకున్నది పక్కన ఆగి దారి చూపిస్తుంది, చివరి కారు వచ్చాక దాంతో కలుస్తుంది. ఈ పద్ధతిలో దారి తప్పుతామేమోనని ముందు కారును అంటుకుపోయి నడపాల్సిన పని ఉండదు. పొడవాటి బారు కట్టుకుని పోయే క్లబ్బులతో నేనైతే మళ్లీ వెళ్లను. వెనకొచ్చే స్థానికులకు దాటే సందు దొరకదు, మనకూ టెన్షనే. మా గుంపులో గాలితో చల్లబడే ఇంజన్ ఉన్న బీటిల్ ఒకటి, వోల్వో 240 ఒకటి, మొదటి తరం మాజ్డా ఎమ్ఎక్స్-5 ఒకటి ఉన్నాయి. వేగం ఎప్పుడూ బీటిల్‌దే లెక్క, అదే సరైన పద్ధతి కూడా.

మొదటి బస ఉత్తరం వైపు, ఫుష్ దగ్గర రోడ్డు పక్క గెస్ట్‌హౌస్‌లో. గదులు శుభ్రంగా ఉన్నాయి, మనుషులు మంచివాళ్లే. కానీ పాత కార్లకు పైకప్పు కింద చోటిస్తామని ముందే రాసి, తీరా వెళ్లేసరికి దాన్ని మోటార్‌సైకిళ్ల వాళ్లకు ఇచ్చేశారు. మాకు మిగిలింది వాలుగా ఉన్న కంకర నేల. పాత కారు వాళ్లకు కంకర నేల ఎందుకు పనికిరాదంటే, రాత్రి కారు కింద ఏం కారిందో పొద్దున తెలియదు. సిమెంటు నేల మీదైతే ఒక్క చుక్క పడినా కనిపిస్తుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, ఎర్రగా ఉంటే గేర్ బాక్స్‌ది, తియ్యటి వాసనొస్తే కూలెంట్. రూమ్ బుక్ చేసేటప్పుడు పార్కింగ్ ఉందా అని అడిగితే సరిపోదు. నేల చదునేనా, సిమెంటుదేనా, పైకప్పు ఉందా అని విడివిడిగా అడగండి.

పొద్దున్నే ఫెర్లైటెన్ టోల్ గేటు దాటాం. అక్కడి నుంచి 2428 మీటర్ల ఫుషర్ టోర్ల్ దాకా దాదాపు 1300 మీటర్ల ఎత్తు ఒకే ఊపులో ఎక్కాలి. ప్రతి మలుపు దగ్గరా దాని నంబరు, ఎత్తు రాసిన బోర్డు ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ పికప్ తగ్గిపోవడం కాలి కింద స్పష్టంగా తెలుస్తుంది. 2500 మీటర్ల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతుకు పైగా తక్కువ. ఇంజన్ వేడి చూపే సూది ఎక్కడుందో చూసుకుంటూ మెల్లగా ఎక్కాం. పైన ఎడెల్‌వైస్‌ష్పిట్సె అనే 2571 మీటర్ల శిఖరానికి రాళ్లు పరిచిన ఇరుకు దారి ఉంది. చుట్టూ మూడువేల మీటర్లు దాటిన కొండలు ముప్పైకి పైగా కనిపిస్తాయి. తప్పకుండా ఎక్కండి, కాకపోతే ఎనిమిది గంటల లోపే. తర్వాత అక్కడ కారు తిప్పుకునే చోటు కూడా దొరకదు.

ఫుషర్ టోర్ల్ దగ్గర ఆగి మళ్లీ స్టార్ట్ చేశాక, పక్క సీట్లో రోడ్‌బుక్ (దారి వివరాల పుస్తకం) చదువుతున్న మా తమ్ముడు “అన్నయ్యా, ఏబీఎస్ లైటు ఆరట్లేదు, చూడు” అన్నాడు. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. కారు నిలబడి ఉండగా ఇంజన్ తిరిగే తీరు, అంటే ఐడిలింగ్, కూడా ఎగుడుదిగుడుగా ఉంది. వెనక కారులో వచ్చే పెద్దాయన ఇంజన్ చప్పుడు విని, నేరుగా బ్యాటరీ వెనకున్న ప్లాస్టిక్ అడ్డు పలక తీశాడు. అక్కడ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన అల్యూమినియం డబ్బా ఉంటుంది, దాని నెత్తిన చిన్న మూత కింద ఫ్యూజు. దాన్ని ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్ రిలే అంటారు. ఏబీఎస్‌కూ, పెట్రోల్ ఇంజెక్షన్‌ను నడిపే యూనిట్‌కూ కరెంటు దాని గుండానే పోతుంది. ఏళ్ల తరబడి వేడికి లోపలి టంకం అతుకులు సన్నగా పగులుతాయి. ఈ మోడల్‌లో బాగా తెలిసిన జబ్బే ఇది. ఫ్యూజు బాగానే ఉంది. డిక్కీలో నా దగ్గరున్న కొత్త రిలే గుచ్చగానే లైటు ఆరింది, ఇంజన్ కుదురుకుంది. పాతదాని అడుగు భాగం విప్పి, ఒక పిన్ను చుట్టూ టంకంలో వెంట్రుకంత గీతను చూపించాడాయన. ఏ మోడల్‌కైనా ఇలా మాటిమాటికీ పోయే భాగాలు రెండో మూడో ఉంటాయి. క్లబ్బులో అడిగి తెలుసుకుని వాటిని కారులోనే ఉంచుకోవడం చాలా అవసరం.

దిగుడే అసలు పరీక్ష. గేరు లీవర్ 2కి తెచ్చి ఇంజన్ పట్టు మీదే దిగాం, బ్రేకు మలుపుకు ముందు ఒకసారి గట్టిగా నొక్కి వదలడమే. కాలు అదే పనిగా ఆనించి దిగుతున్న కొత్త కార్ల నుంచి బ్రేకు వాసన మా అద్దాల్లోంచి లోపలికొచ్చింది. మధ్యలో కైజర్ ఫ్రాంజ్ యోసెఫ్స్ హోహె వైపు దారి చీలుతుంది. 3798 మీటర్ల గ్రాస్‌గ్లాక్నర్ శిఖరం, కింద పాస్టెర్సె హిమానీనదం ఎదురుగా కనిపిస్తాయి. మంచు ఎంత వెనక్కి పోయిందో చూస్తే మనసు చివుక్కుమంటుంది. పదకొండు దాటితే అక్కడ బస్సులు, బైకులు, కార్లు కలిసి తీర్థమే. మెల్లగా కదిలే ఆ వరసలో బీటిల్‌ను రెండుసార్లు పక్కకు ఆపి చల్లార్చాల్సి వచ్చింది.

హైలిగెన్‌బ్లూట్‌లో బస ఈ యాత్ర మొత్తంలో నాకు నచ్చింది. గదులు చిన్నవి, మెట్లు ఎక్కువ. అయినా భవనం కింద చదునైన సిమెంటు గ్యారేజ్, మంచి వెలుతురు, చేతులు కడుక్కోవడానికి నీళ్లు. ప్రతి కారు కిందా అట్టముక్క పరిచి పెట్టారు, అడగకుండానే. మా కారు కింద పొద్దున ఏమీ లేదు.

అక్కడి నుంచి మ్యోల్ నది లోయ వెంబడి గ్మ్యుండ్ వెళ్లాం. 1944లో పోర్షె సంస్థ స్టుట్‌గార్ట్ నుంచి ఈ చిన్న ఊరికి తరలివచ్చింది. 1948లో పోర్షె పేరుతో వచ్చిన మొదటి కారు 356 పుట్టింది ఇక్కడే. ఊళ్లో ఉన్న ప్రైవేటు మ్యూజియం చిన్నదే, కానీ స్టుట్‌గార్ట్‌లోని పెద్ద మ్యూజియంలో దొరకనిది ఇక్కడ దొరుకుతుంది: కార్లు చెయ్యి చాచేంత దగ్గరగా ఉంటాయి. చేత్తో సాగగొట్టిన అల్యూమినియం రేకు మీద వెలుగు ఎలా వంకరపోతుందో నిలబడి చూడొచ్చు. గంటన్నర చాలు. ఇక్కడి బస సాదాసీదా, కార్లు కోట గోడ బయట పబ్లిక్ పార్కింగ్‌లో. ఒక్క రాత్రికి ఫరవాలేదు.

నాక్‌ఆల్మ్ రోడ్డు ఇన్నర్‌క్రెమ్స్ నుంచి ఎబెనె రైషెనావు దాకా 35 కిలోమీటర్లు, 52 మలుపులు. అత్యంత ఎత్తు 2042 మీటర్లే. మంచు శిఖరాలు లేవు, గుండ్రటి పచ్చటి కొండలు, పైన్ చెట్ల అడవి. ఒక ఎత్తు ఎక్కి, లోయలోకి దిగి, మళ్లీ ఇంకో ఎత్తు ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు బ్రేకులు చల్లారతాయి, దిగేటప్పుడు ఇంజన్ తేరుకుంటుంది. ట్రాఫిక్ తక్కువ కాబట్టి మలుపును మన పద్ధతిలో తీసుకోవచ్చు. బీటిల్ ఒక్కసారి కూడా ఆగలేదు. స్టీరింగ్, సస్పెన్షన్, గేర్ బాక్స్ కలిసి ఎలా పనిచేస్తాయో ఈ 35 కిలోమీటర్లలో నాకు తెలిసినంతగా గ్లాక్నర్ మీద తెలియలేదు. 1980లో ఇక్కడ పెద్ద స్కీ కేంద్రం కట్టాలన్న ఆలోచనను ప్రజలు ఓటు వేసి ఆపారట. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

సహాయం మాటకొస్తే, ఆస్ట్రియాలో ఓఎఎమ్‌టీసీ అనే మోటారు క్లబ్ నంబరు 120. పసుపు బళ్లలో వచ్చి వీలైతే రోడ్డు పక్కనే బాగు చేస్తారు. మీ దేశంలోని క్లబ్ సభ్యత్వం అక్కడ చెల్లుతుందో లేదో, కారును ఇంటి దాకా చేరుస్తారో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. హెచ్చరిక త్రికోణం, మెరిసే జాకెట్, ప్రథమ చికిత్స పెట్టె చట్టప్రకారం ఉండాలి. హైవే ఎక్కితే విన్యెట్ అనే టోల్ పాస్ కావాలి, ఈ రెండు కొండ రోడ్లకూ టోల్ వేరే.

గ్లాక్నర్ చలికాలంలో మూసేస్తారు, సాధారణంగా మే మొదటి నుంచి నవంబరు మొదటి దాకానే. జూలై, ఆగస్టు వారాంతాలు వదిలేయండి. కారు మీద ఇంకా పూర్తి నమ్మకం కుదరకపోతే ముందు నాక్‌ఆల్మ్ నడిపి, రాత్రికి గ్యారేజ్‌లో కారు కింద చూసుకుని, మర్నాడు పొద్దున్నే గ్లాక్నర్‌ను హైలిగెన్‌బ్లూట్ వైపు నుంచి ఎక్కండి. వచ్చే ఏడాది మా గుంపు ఇదే దారిని ఆ వరసలో వెళ్లబోతోంది.