కొత్త కాంపాక్ట్ పిస్టల్‌లో తూటా ఇరుక్కుంటోంది: ఇంకా కాల్చి చూడాలా, మ్యాగజైన్ మార్చాలా, కంపెనీకి పంపాలా?

కొత్త పిస్టల్‌లో తూటా సరిగ్గా ఎక్కకపోతే సలహాలకు కొదవుండదు. కొత్తది కదా, ఇంకో రెండొందలు కాలిస్తే అదే సర్దుకుంటుందని ఒకరంటారు. తూటాలు నింపే మ్యాగజైన్ మార్చమని ఇంకొకరు, తూటాను లోపలికి జార్చే వాలు, అంటే ఫీడ్ ర్యాంప్‌కి పాలిష్ పట్టమని మరొకరు. ఇవన్నీ ఎందుకు, కంపెనీకి పంపేయమనేవాళ్లూ ఉంటారు. ఏది మేలో చెప్పాలంటే ముందు ఆ జామ్ ఎప్పుడు వస్తోందో చూడాలి. మొదటి తూటాకా, చివరి తూటాకా, ఒక్క మ్యాగజైన్‌తోనేనా, ఒక్క రకం తూటాతోనేనా అన్నది తేలితే సగం జవాబు దొరికినట్టే.

అసలు అది ఫీడింగ్, అంటే తూటా లోపలికి ఎక్కే సమస్యేనా అన్నది కూడా తేల్చుకోవాలి. కాల్చిన తూటా ఖాళీ గొట్టం (కేసు) బయటికి పూర్తిగా ఎగరకుండా, పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే స్లయిడ్ సందులో నిలువుగా ఇరుక్కుంటే అది ఎజెక్షన్ లోపం. ఖాళీ కేసు ఛాంబర్‌లోనే (తూటా పేలే గదిలోనే) ఉండిపోయి, వెనక నుంచి కొత్త తూటా వచ్చి దానికి గుద్దుకుంటే అది కేసును బయటికి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్ పని. చూడ్డానికి మాత్రం ఫీడింగ్ లోపంలాగే ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. ఈ రెంటికీ ఫీడ్ ర్యాంప్‌తో సంబంధం లేదు. తూటా ముక్కు ర్యాంప్ కింద గుచ్చుకోవడం, ఛాంబర్ పైఅంచుకు తగిలి ఆగడం, దాదాపు లోపలికి వెళ్లాక స్లయిడ్ కొద్దిలో మూసుకోకపోవడం, ఇవీ ఫీడింగ్ గొడవలు.

కాంపాక్ట్ పిస్టళ్లలో ఈ బాధ ఎక్కువగా కనిపించడానికి కారణముంది. స్లయిడ్ చిన్నది, తేలికైనది. దాన్ని అదుపు చేయడానికి, మళ్లీ ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగ్ గట్టిగా పెడతారు. స్లయిడ్ వెనక్కి వెళ్లే దూరం కూడా తక్కువే. ఆ కొద్ది సమయంలోనే మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాను పైకెత్తి సరైన కోణంలో నిలబెట్టాలి. పెద్ద పిస్టల్ చూసీచూడనట్టు వదిలేసే చిన్న లోపాన్ని ఇది వదలదు. మణికట్టు వదులుగా పట్టుకున్నా అంతే. ఫ్రేమ్ (పిడి ఉండే కింది భాగం) కదలకుండా ఉంటేనే స్లయిడ్ పూర్తిగా వెనక్కి వెళ్తుంది. అనుభవమున్న ఇంకొకరు కాల్చినప్పుడు జామ్ రాకపోతే పిస్టల్‌ని అనుమానించే ముందు పట్టును సరిచేసుకోవాలి.

ఇక అసలు పోటీ ఇంకొంతకాలం కాల్చి చూడడానికీ మ్యాగజైన్ మార్చడానికీ మధ్యే. కొత్త పిస్టల్‌ని కొంతకాలం కాల్చి సర్దుకోనివ్వడం, అంటే బ్రేక్-ఇన్ అన్నది వట్టి మాట కాదు. కార్ (Kahr) అనే పిస్టల్ కంపెనీ తన పిస్టళ్లను 200 తూటాలు కాల్చాకే నమ్మదగినవిగా లెక్కించమని తన మాన్యువల్‌లోనే చెప్తుంది. కొత్త స్ప్రింగులు కొంచెం మెత్తబడతాయి, స్లయిడ్ పట్టాలు నునుపెక్కుతాయి. అయితే ఇది ఏ జామ్‌కి పనికొస్తుందో చూడాలి. నిండు మ్యాగజైన్‌లో మొదటి తూటా ఒక్కటే మొరాయిస్తే, బిగుతుగా ఉన్న కొత్త మ్యాగజైన్ స్ప్రింగ్ పై తూటాను గట్టిగా మ్యాగజైన్ పై అంచులకు నొక్కుతోందని అర్థం. వాడేకొద్దీ ఇది తగ్గుతుంది. స్లయిడ్‌ని చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు వదిలే అలవాటుంటే అదీ మానాలి. పూర్తిగా వెనక్కి లాగి వదిలేయాలి, స్ప్రింగ్ పని స్ప్రింగ్‌నే చేయనివ్వాలి.

అదే చివరి ఒకటి రెండు తూటాలు ముక్కు కిందికి వాలిపోయి ర్యాంప్‌కి గుచ్చుకుంటున్నాయనుకోండి. అక్కడ స్ప్రింగ్ బలం చాలడం లేదు, లేదా తూటాలకింద ఉండే ఫాలోవర్ వంగిపోతోంది. కాల్చేకొద్దీ స్ప్రింగ్ మెత్తబడుతుందే కానీ బలపడదు కదా. ఇక్కడ "ఇంకో రెండొందలు కాల్చు" అన్న సలహా తూటాల ఖర్చు తప్ప ఏమీ ఇవ్వదు, కొన్నిసార్లు లోపాన్ని పెంచుతుంది కూడా. దీనికి మందు మ్యాగజైనే.

మ్యాగజైన్ పరీక్షకు కావాల్సింది ఒక మార్కర్ పెన్ను. ప్రతి మ్యాగజైన్ అడుగున ఒక నంబర్ రాయండి, జామ్ వచ్చిన ప్రతిసారీ ఏ నంబరో, పైనుంచి ఎన్నో తూటానో రాసుకోండి. లోపం ఒకే నంబర్ వెంట తిరుగుతుంటే దొంగ దొరికినట్టే. పిస్టల్‌ని ముట్టుకోవాల్సిన పనే లేదు. పై అంచులు కొద్దిగా వంగి ఉండొచ్చు, లోపల స్ప్రింగ్ తిరగేసి బిగించి ఉండొచ్చు. అంచులను ప్లయర్‌తో సరిచేయబోయేవాళ్లుంటారు, వద్దు. తయారీదారు సొంత మ్యాగజైన్ ఒకటి కొని పోల్చడం అన్ని విధాలా చవక. వేరే కంపెనీ చౌక మ్యాగజైన్‌తో పోలిస్తే మాత్రం ఏదీ తేలదు.

తూటా రకం మార్చి చూడడం దీంతోపాటే జరగాలి, విడిగా లెక్కపెట్టక్కర్లేదు. 9 ఎంఎం తూటాల్లో గుండ్రటి ముక్కున్న ఫుల్ మెటల్ జాకెట్ రకం ర్యాంప్ మీద సులువుగా జారుతుంది. హాలో పాయింట్‌కి ముందు వెడల్పాటి నోరుంటుంది, పొడవు కూడా తరచూ తక్కువే. అందుకని ఒకటి నడిచి ఒకటి ఆగడం వింత కాదు. బలహీనంగా నింపిన 115 గ్రెయిన్ల (ఇది బుల్లెట్ బరువు) తూటాలు కొత్త గట్టి స్ప్రింగ్‌ని పూర్తిగా వెనక్కి నెట్టలేకపోవచ్చు. అప్పుడు స్లయిడ్ తర్వాతి తూటా వెనకదాకా రాకుండానే ముందుకెళ్లి, ఖాళీ ఛాంబర్ మీద మూసుకుంటుంది. ప్రామాణిక ఒత్తిడితోనే కాస్త బలంగా నింపిన 124 గ్రెయిన్ల తూటాలు వాడితే చాలాసార్లు ఈ గొడవ పోతుంది. ప్లస్ పి తూటాలను (మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో నింపినవాటిని) మాత్రం మాన్యువల్ ఒప్పుకుంటేనే వాడాలి. అమెరికా ప్రమాణాల్లో మామూలు 9 ఎంఎంకి గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), ప్లస్ పికి 38,500.

చివర్లో స్లయిడ్ మూసుకోకపోవడం రీలోడ్ చేసిన (పాత కేసుల్లో మళ్లీ నింపిన) తూటాలతోనే వస్తుంటే, బారెల్‌ని విప్పి తీసి అందులో ఒక తూటా వేసి చూడండి. దానంతటదే టక్కున దిగాలి, తలకిందులు చేస్తే దానంతటదే జారిపోవాలి. 9 ఎంఎం తూటా మొత్తం పొడవు 29.69 మిల్లీమీటర్లు మించకూడదు. ఒకే తూటాను పదేపదే ఛాంబర్‌లోకి ఎక్కించి దించడం మాత్రం మానండి. తూటా ముందుండే బుల్లెట్ కేసులోకి దిగబడి లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

నూనె సంగతి రెండు మాటల్లో: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తుప్పునిరోధక పూతను కందెన అనుకోకూడదు, శుభ్రం చేసి మాన్యువల్ చూపిన చోట్లే చుక్క వేయాలి. గ్లాక్ పిస్టళ్ల స్లయిడ్‌లో కనిపించే రాగిరంగు గ్రీజు మాత్రం తీసేయొద్దని కంపెనీయే చెప్తుంది.

ఇక ర్యాంప్ పాలిష్. అద్దంలా మెరిసే ర్యాంప్ చూస్తే నాకూ ముచ్చటేస్తుంది, కానీ కొత్త పిస్టల్ మీద డ్రిల్ మిషన్‌తో ఆ పని చేయడం దండగ, పైగా ప్రమాదం. ఫ్రేమ్‌లో భాగంగా అల్యూమినియం ర్యాంపుంటే పైనున్న గట్టిపూత పలుచగా ఉంటుంది, అది పోతే కింది లోహం త్వరగా అరుగుతుంది. ఛాంబర్ అంచు దగ్గర లోహం ఎక్కువ తీస్తే తూటా కేసు కిందిభాగానికి ఆధారం పోయి కాల్చినప్పుడు అది పగిలే అవకాశముంది. వారంటీ కూడా పోతుంది. ర్యాంప్ మీద నిజంగానే గీతలో పొంగులో కనిపిస్తుంటే దాన్ని సరిచేయాల్సింది తయారీదారే. రికాయిల్ స్ప్రింగ్ మార్చడమూ ఇలాంటిదే. తేలికది వేస్తే స్లయిడ్ ఫ్రేమ్‌ని గట్టిగా కొడుతుంది, గట్టిది వేస్తే మ్యాగజైన్ తూటా ఎత్తేలోపే స్లయిడ్ ముందుకొచ్చేస్తుంది.

కాబట్టి కంపెనీకి ఎప్పుడు పంపాలి? రెండు మూడు మ్యాగజైన్లు, రెండు రకాల మంచి ఫ్యాక్టరీ తూటాలు, ఇద్దరు షూటర్లు మారినా, 200 తూటాలు దాటినా అదే జామ్ అదే తీరులో వస్తుంటే ఇంక ఆలోచించొద్దు. అంతదాకా ఆగక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. ఖాళీ కేసును ఎక్స్‌ట్రాక్టర్ పదేపదే వదిలేస్తున్నా, కేసులు ఉబ్బినా, స్లయిడ్ పూర్తిగా మూసుకోకముందే పేలినా అదే రోజు ఆపేయాలి. టప్పుమని చిన్న శబ్దమే వచ్చి వెనక్కి తన్ను సరిగ్గా తగలకపోతే స్లయిడ్ లాగి మళ్లీ కాల్చకూడదు. బుల్లెట్ బారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు. మూతిని సురక్షిత దిశలోనే ఉంచి, తూటాలు పూర్తిగా తీసేసి, బారెల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి.

పంపేటప్పుడు మీరు రాసుకున్న చీటీ, జామ్ ఫోటోలు, వాడిన తూటాల పేర్లు, ఆ మ్యాగజైన్లు జత చేయండి. వట్టి పిస్టల్ పంపితే వాళ్లు తమ మ్యాగజైన్‌తో కాల్చి, బాగానే ఉందని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. రీలోడ్ చేసిన తూటాలు వాడి ఉంటే దాచకండి. చాలా కంపెనీల వారంటీ వాటికి వర్తించదు. బాగుచేసి వచ్చాక, రేంజ్‌లో వాడే చవక తూటాలతో పాటు మీరు నమ్ముకోబోయే తూటాలతోనూ ప్రతి మ్యాగజైన్‌ని విడివిడిగా కాల్చి చూడండి.