ఎనిమిది ఆదివారాలు సరే, తొమ్మిదోది ఎక్కడ?

మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఆర్ట్ గ్యాలరీ ఉంది. పేరు రాయడం లేదు. గేటు పక్కన నేరేడు చెట్టు, దాని కింద ఏళ్ల తరబడి కదలని సైకిలు అంటే హైదరాబాదులో మా వైపు వాళ్లకు తెలిసిపోతుంది. 2022 నుంచి అక్కడి తరగతులకు, ప్రదర్శనలకు, శుక్రవారం రాత్రి సినిమాలకు వెళుతున్నాను. గుడ్డ మీద వెదురు కలంతో సహజ రంగుల బొమ్మలు వేయడం నేర్పే ఎనిమిది ఆదివారాల కలంకారీ తరగతిలో మూడుసార్లు చేరాను. ఒకే తరగతికి మూడుసార్లు ఫీజు ఎందుకు కట్టానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మొదటి ఏడాది ఇంకా తరగతి పూర్తి కాకముందే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో దీన్ని ఆకాశానికెత్తాను. అది చదివి ఇద్దరు చేరారు. ఒకరు మా ఆడపడుచు. పండగకు వచ్చినప్పుడల్లా ఆవిడ ఆ గుడ్డ సంగతి ఎత్తుతుంది, నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. నేను రాసిన పొగడ్తలో అబద్ధం లేదు. కాకపోతే అది ఆరో ఆదివారం నాటి పొగడ్త.

ఆరో ఆదివారం దాకా నిజంగానే వంక పెట్టడానికి లేదు. నేర్పేది శ్రీకాళహస్తి పద్ధతి, మాస్టారు అటువైపు మనిషే. పాలలో, కరక్కాయ పొడిలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ గ్యాలరీ వాళ్లే ఇస్తారు. చింత బొగ్గుతో బొమ్మ గీసుకుంటాం. తర్వాత వెదురు కలం. మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు, రంగులో ముంచి ఆ ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీత లాగాలి. ఎంత నొక్కితే ఎంత దిగుతుందో చేతికి తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది. నా మొదటి గీతల్లో ఒక్కటీ గీత కాదు, అన్నీ చుక్కల మధ్య వంతెనలే.

నన్ను పట్టేసింది మాత్రం నలుపు. దాన్ని కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, తాటి బెల్లం, చెరకు బెల్లం, నీళ్లు కుండలో పోసి మూత పెట్టి ఇంచుమించు మూడు వారాలు పులియబెట్టాలి. ఇంట్లో కూడా సాధన చేద్దామని మా బాల్కనీలో ఒక జాడీ పెట్టాను. మా వారు అది పాడైపోయిన ఊరగాయ అనుకుని పారబోయబోయారు, మేకులు కనబడి ఆగారు. ఈ కసిమి కలం నుంచి దిగేటప్పుడు నల్లగా ఉండదు. పలచని టీ డికాషన్ రంగు. గుడ్డకు తగిలాక, మీరు చూస్తుండగానే, గీత మొదలు నుంచి చివరి దాకా చిక్కబడుతూ నల్లబడుతుంది. గుడ్డలో కరక్కాయ వగరు ఉంది, కసిమిలో ఇనుము ఉంది, ఆ రెండూ కలిసిన చోట పుట్టే నలుపు అది. గుడ్డ మీద పాలు ఉండబట్టి అటూ ఇటూ పాకదు. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు సిరాతో సంతకాలు పెట్టినదాన్ని, ఒక గీత నల్లబడడం చూడడానికి ఆదివారాల కోసం ఎదురుచూశాను.

ఏడో ఆదివారం పటిక నీళ్లు. ఎరుపు ఎక్కడ రావాలో అక్కడ పూస్తాం. తర్వాత గుడ్డను కడిగి, మంజిష్ఠ వేరు పొడి లాంటి ఎర్ర రంగులో ఉడికిస్తే, పటిక పూసిన చోటే ఆ రంగు దిద్దినట్టు పట్టుకుంటుంది, పూయని చోట నిలవదు. ఎనిమిదో ఆదివారం బొమ్మల అంచులు సరిదిద్దుకున్నాక గుడ్డను వార్తాపత్రికలో చుట్టి చేతికిచ్చారు. తరగతి అయిపోయింది.

అయిపోవడం ఏమిటి? ఎరుపు ఇంకా పుట్టనే లేదు.

మాకు ఇచ్చిన కరపత్రం అంతకుముందు బ్యాచ్‌కి అచ్చు వేసిందే. అందులో తొమ్మిది గడులు ఉన్నాయి. తొమ్మిదో గడిలో ‘కడుగుడు, ఉడికింపు’ అని ఉంటే దాని మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీత కొట్టారు. ముందు బ్యాచ్ వాళ్లను ఊరి బయట ఒక చెరువు తూము కింది కాలువ దగ్గరికి తీసుకెళ్లారట. బస్సు ఖర్చు ఎక్కువైందని, ఎవరైనా జారి పడితే బాధ్యత ఎవరిదని, మా బ్యాచ్ నుంచి మానేశారు. బదులుగా ఒక కాగితం ఇచ్చారు. అందులో మొదటి వాక్యం: ‘గుడ్డను బాగా పారే నీటిలో కడగాలి.’ మాది మూడో అంతస్తు ఫ్లాటు. మా ఇంట్లో పారే నీళ్లంటే కుళాయి కిందివే.

అందుకని బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ టబ్బు తీశాను. ఆ రోజు కుళాయిలో బోరు నీళ్లు వస్తున్నాయి. మా బోరు నీళ్లలో ఇనుము ఉందని బాత్‌రూమ్ గోడల మీది చారలు చూస్తే తెలుస్తుంది. కసిమి పాఠం ఆరు వారాలు విన్నదాన్ని, నాకు ఆ ఆలోచన రాలేదు. గుడ్డ నీళ్లలో మునిగిన అయిదు నిమిషాలకే లేత పసుపు రంగు పోయి సిమెంటు రంగుకు తిరిగింది. కంగారుపడి నీళ్లు మార్చాను. మళ్లీ జాడించాను. నాలుగుసార్లు నీళ్లు మార్చి, ఇక శుభ్రమైంది అనుకుని, పెద్ద గిన్నెలో మంజిష్ఠ పొడి వేసి కర్రతో తిప్పుతూ గంటసేపు ఉడికించాను.

నేను గీసింది గజేంద్ర మోక్షం. ఎరుపు రావలసింది తామర పువ్వులకు, విష్ణుమూర్తి ఉత్తరీయానికి. గుడ్డ పైకి తీసేసరికి అవి రెండూ ఎర్రగానే ఉన్నాయి. వాటితో పాటు ఆకాశం, మొసలి పొట్ట, ఏనుగు నుదురు, చెవులు అన్నీ ఎర్రటి మచ్చలు. ఏనుగుకు ఆటలమ్మ పోసినట్టుంది. మా వారు చాలా సేపు చూసి, “మొసలి వల్ల కాదు, దీనికి జ్వరం వచ్చి అరుస్తోంది” అన్నారు.

మాస్టారికి ఫోను చేశాను.

“ఎక్కడ కడిగారమ్మా?”

“టబ్బులో, మాస్టారూ.”

కాసేపు మాట లేదు. “టబ్బులో అయితే పటిక ఎక్కడికి పోతుందమ్మా? చుట్టూ తిరిగి మళ్లీ గుడ్డ మీదికే వస్తుంది కదా.”

ఎక్కువైన పటిక గుడ్డ వదిలి కొట్టుకుపోవాలి. నిలవ నీటిలో అది ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది, అది కూర్చున్న చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. పారే నీరు అన్నది శాస్త్రం కోసమో ఆచారం కోసమో పెట్టిన మాట కాదు, పనిలో సగం అదే. ఆ సగాన్ని నాకు ఫోనులో నేర్పారు, గుడ్డ పాడయ్యాక.

విరుగుడు కూడా ఆయనే చెప్పారు. మేక పెంటికలు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఎండలో పరిచి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ ఉంటే అక్కరలేని రంగు విరుగుతుందని. మటన్ కొట్టు వెనక నుంచి పెంటికలు తెచ్చి, మేడ మీద గుడ్డ పరిచి, నాలుగు రోజులు గంట గంటకూ మెట్లెక్కాను. మూడో రోజు అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు వచ్చి, వాసన గురించి ఎవరో ఫిర్యాదు చేశారని, ఆ ఎవరో తానే అన్నట్టు ముఖం పెట్టి చెప్పారు. మచ్చలు కొంత విరిగాయి. పూర్తిగా పోలేదు. ఆకాశం సంధ్యాసమయంలా కనబడుతుందని మాస్టారు అన్నారు, ఆయన మంచివారు.

ఏడాది చివర్లో విద్యార్థుల ప్రదర్శన పెడతారు. నా ఏనుగును కూడా పెట్టారు, నీళ్ల ఫిల్టరు పక్కన. దాని కింద చీటీ మీద ‘సహజ రంగులు, కాటన్’ అని రాసి ఉంది. నీళ్లు తాగడానికి వచ్చిన వాళ్లందరూ చూశారు కాబట్టి ఆ ప్రదర్శనలో ఎక్కువ మంది చూసిన బొమ్మ నాదే.

రెండో ఏడాది మొండిగా మళ్లీ చేరాను. ఈసారి నలుపుతోనే ఆపేశాను, ఎరుపు జోలికి పోలేదు. మాస్టారి గురించి అప్పుడే ఒక సంగతి గమనించాను. ఎనిమిది ఆదివారాల్లో ఆయన వచ్చేది అయిదు. మిగతా రోజుల్లో వచ్చే అబ్బాయి గీత అద్భుతంగా గీస్తాడు, కానీ ‘ఎందుకు’ అని అడిగితే ‘అలాగే చేయాలి మేడమ్’ అంటాడు. మొదటి ఏడాది నాకు ఈ తేడా తెలియలేదు. అప్పుడు నాకు ‘ఎందుకు’ అనే ప్రశ్నలు లేవు.

మూడో ఏడాది, 2024లో, పటిక పూసిన గుడ్డను అలాగే చుట్టి రైలెక్కాను. మా పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటి వెనకే కృష్ణా పంట కాలువ. శ్రావణమాసం, కాలువ నిండుగా పారుతోంది. రేవు మెట్ల మీద ఒక కొస నేను, ఒక కొస మా వదిన పట్టుకుని గుడ్డను నీళ్లలోకి వదిలాం. వదిలిన క్షణంలోనే అది నా చేతిని లాగింది, గాలానికి చేప పడ్డట్టు. గుడ్డ కింది నుంచి పసుపు రంగు పొగలా బయటికొచ్చి, మెలికలు తిరుగుతూ, రెండు గజాలు పోయేసరికి మాయమైంది. అలా వస్తూనే ఉంది, పోతూనే ఉంది. మధ్యలో ఒక షాంపూ ప్యాకెట్టు వచ్చి విష్ణుమూర్తికి అతుక్కుంది, దాన్ని తీసేశాం. పావుగంటకు నీళ్లు తేటపడ్డాయి. మా వదిన తన పెళ్లినాటి రాగి కాగు దించింది, వాకిట్లో కట్టెల పొయ్యి మీద ఉడికించాం. తీసి చూస్తే తామరలు ఎరుపు, ఉత్తరీయం ఎరుపు, ఏనుగు మీద ఒక్క మచ్చ లేదు. “దీనికోసమా మూడేళ్లు?” అంది వదిన. మరుసటి రోజు పొద్దున తనే ఆ గుడ్డను పక్కింటి వాళ్లకు తీసుకెళ్లి చూపించి వచ్చింది.

ఇంత చెప్పాక గ్యాలరీని పూర్తిగా తప్పు పట్టలేను. స్వర్ణముఖి నదిలో నీళ్లు లేని నెలల్లో శ్రీకాళహస్తి పనివాళ్లకే ఇబ్బంది అని మాస్టారు చెప్పారు, ఇక హైదరాబాదులో పారే మంచినీళ్లు ఎక్కడ వెతుకుతారు? కానీ దొరకనప్పుడు ఆ మాట చెప్పాలి. గడి మీద గీత కొట్టి, కాగితం చేతిలో పెట్టి, ఫీజు మాత్రం అంతే ఉంచడం నాకు నచ్చలేదు. మేనేజరు గారితో మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ ‘చూద్దామండీ’ అన్నారు.

మిగతావి క్లుప్తంగా. ప్రదర్శనలు బాగుంటాయి, ముఖ్యంగా ముద్రణ చిత్రాలవి. ఒకసారి ఎచింగ్‌ల (రాగి పలక మీద ఆమ్లంతో గీతలు దించి కాగితం మీద అచ్చు తీసే బొమ్మల) ప్రదర్శనలో ప్రతి చట్రం పక్కనా మేకుకు ఒక భూతద్దం తగిలించారు. కాగితం మీద రాగి పలక అంచు నొక్కుకున్న పల్లం దాకా కనబడింది, అంతవరకు పుస్తకాల్లో అచ్చయిన బొమ్మలే చూసిన నాకు ఆ పల్లం గురించే తెలియదు. సినిమా రాత్రుల గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను. ఎంపిక మంచిదే. 1979 నాటి ‘మా భూమి’ వేసిన రోజు కుర్చీలు చాలక జనం గోడల వెంబడి నిలబడ్డారు. కానీ కుర్చీలన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, తెర కిందికి ఉంటుంది. బెంగాలీ, మలయాళ సినిమాలకు కింద వచ్చే అక్షరాలు ముందు వరుస తలల వెనక్కి పోతాయి. నేను ఒక సినిమా మొత్తం ఒక పెద్దమనిషి బట్టతలకు కుడివైపు పడిన సగం వాక్యాలతో అర్థం చేసుకున్నాను. తర్వాత జరిగే చర్చలో ప్రతిసారీ ఒకే ఇద్దరు మాట్లాడతారు. టీ మాత్రం చాలా బాగుంటుంది.

చేరమంటారా అని అడిగితే, మీ సంగతి నాకు తెలియదు. నేను రిటైరయ్యాను, ఆదివారాలు నావి, గ్యాలరీ నడక దూరం, వెనక కాలువ ఉన్న పుట్టిల్లు ఉంది, రాగి కాగు దాచుకున్న వదిన ఉంది. ఇవేవీ లేకుండా ఉప్పల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు ఆరో ఆదివారం దాకా హాయిగా నేర్చుకుని, నలుపుతో ఆగితే నష్టం లేదు. నలుపు గీతల బొమ్మ దానికదే అందంగా ఉంటుంది. ఎరుపు కావాలంటే మాత్రం ఫీజు కట్టేముందే, ఈ గుడ్డను ఎక్కడ కడగాలి అని మేనేజరు గారిని అడగండి. ‘చూద్దామండీ’ అంటే ఏ కాలువ పక్కన మీకు చుట్టాలున్నారో గుర్తు చేసుకోండి.