కృష్ణ పాత ఒడ్డు చూడాలంటే నాగార్జునకొండ రేవు

నాగార్జునసాగర్ పోయేవాళ్లలో చాలామంది డ్యామ్ చూసి వెనక్కి తిరుగుతారు. గేట్లెత్తినప్పుడు అది చూడదగ్గదే. కానీ కృష్ణ అసలు ఏ దారిన పారేదో తెలిసేది ఆ డ్యామ్ జలాశయం మధ్యనున్న నాగార్జునకొండ దీవి మీదే.

దిగగానే మ్యూజియంలో మునిగిపోయిన లోయ నమూనా దగ్గరికి పోండి. మూడు వైపులా నల్లమల గుట్టలు, పడమర కృష్ణ, ఆ ఒడ్డున 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. పాత రాతియుగపు చేతిగొడ్డళ్లు కూడా అక్కడే ఉన్నాయి. శిల్పాల సందడిలో వాటిని దాటేయకండి.

తర్వాత బయట స్నానఘట్టం. పలనాటి సున్నపురాయి పలకల మెట్లు. 1954-60 తవ్వకాల్లో నది ఒడ్డున బయటపడితే విప్పి పైకి తెచ్చి పేర్చారు. ఇప్పుడు ఆఖరి మెట్టు కింద తగిలేది పొడినేల. ఇక్ష్వాకుల కాలపు రేవు, తవ్వకాల నాటికీ ఒడ్డునే ఉందంటే నది ఎంత నిలకడగా పారిందో చూడండి.

కారణం రాయి. గుట్టల మధ్య రాతిని కోసుకుంటూ పోయే ఏరు ఒండ్రునేలలోలాగా పక్కకు జరగలేదు. సుమారు 20,000 ఏళ్ల కింద మంచుయుగం ముదిరినప్పుడు ఇక్కడ మంచు పేరుకోలేదు, నైరుతి వానలు తగ్గాయి. 11,000 ఏళ్ల కిందటి నుంచి మళ్లీ బలపడ్డాయి. వరద మారింది, గులకరాళ్ల మేటలు మారాయి, రాతిలోయ అదే. ఆ ఒడ్డును చెరిపేసింది 1967 నాటి జలాశయం.

హిల్ కాలనీ నుంచి లాంచీలో సుమారు గంట. గాలి లేచినా, నీటిమట్టం బాగా పడిపోయినా, జనం చాలకపోయినా లాంచీ కదలదు. ఇటు లేనిరోజు ఆంధ్రా ఒడ్డునున్న విజయపురి సౌత్ లాంచీల రేవు నుంచి ప్రయత్నించాలి. శుక్రవారం మ్యూజియం సెలవు. పొద్దున మొదటి లాంచీ పట్టుకోండి. దీవి మీద ఇచ్చే సమయం తక్కువ, మ్యూజియంలోనే తిరుగుతుంటే స్నానఘట్టం చూడకుండానే లాంచీ హారన్ మోగుతుంది. జలాశయం నిండు మట్టం 590 అడుగులు. వానాకాలం వరద చేరాక, శీతాకాలం దాకా అనువైన కాలం.

బసకు పర్యాటక శాఖ వారి విజయ విహార్ నీళ్లకు దగ్గర. గేట్లెత్తిన వారాల్లో గది దొరకడం కష్టం, అప్పుడు మిర్యాలగూడ లాడ్జీలు నయం. లాంచీ ఆగితే అనుపుకు రోడ్డున పోవచ్చు, మునిగిన లోయ నుంచి అక్కడికి తరలించిన పురాతన రంగస్థలం బాగుంటుంది. నది జాడ మాత్రం అక్కడ చదవలేం.