సర్వీసింగ్ చేయించాక ఆగిపోతున్న కీ వాచ్: పూర్ణా మార్కెట్ దగ్గర ఈ కొట్టుకి తీసుకెళ్లండి

విశాఖలో బ్యాటరీలు మార్చేవాళ్లు, బెల్టులు వేసేవాళ్లు ప్రతి జంక్షన్‌లో దొరుకుతారు. కీ ఇచ్చే వాచ్ విప్పి అసలు ఎందుకు ఆగుతోందో కనిపెట్టి చెప్పే మనిషి మాత్రం దొరకడం కష్టం. జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ వైపు వెళ్లే దారిలో, ఒకరు కూర్చుంటే రెండోవాళ్లకి చోటుండని చిన్న కొట్టులో అలాంటి పెద్దాయన ఒకరున్నారు.

వాచ్ మా మావయ్యది. హెచ్‌ఎంటీ జనతా, 17 జ్యూయెల్స్ (లోపల రాపిడి తగ్గించే చిన్న రాళ్లు), ఆయన షిప్‌యార్డ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ చేతికున్నది. ఊళ్లోనే వేరేచోట సర్వీసింగ్ చేయించి తెచ్చుకుంటే, టేబుల్ మీద పడుకోబెట్టినప్పుడు బాగానే నడుస్తోంది, చేతికి కట్టుకుంటే కాసేపటికి ఆగిపోతోంది, కొంచెం ఊపితే మళ్లీ కదులుతోంది. వెనక్కి తీసుకెళ్లి అడిగితే "పాత వాచ్ కదండీ, ఇంతే" అన్నారు. ఈ మాట నేనొప్పుకోను. ఇంతకుముందు టైము వెనకబడేదే గానీ ఆగేది కాదు. సర్వీసింగ్ తర్వాతే ఆగడం మొదలైందంటే ముందు ఆ పనినే అనుమానించాలి కదా.

పెద్దాయన వాచ్ చేతిలోకి తీసుకుని వెంటనే విప్పలేదు. "ఎప్పుడూ ఒకే టైము దగ్గర ఆగుతోందా బాబూ, ఎక్కడపడితే అక్కడ ఆగుతోందా?" అని అడిగారు. ఒకే చోట ఆగుతుంటే ముళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో, డయల్‌కి రాసుకుంటున్నాయేమో చూడాలట. మాది ఎక్కడపడితే అక్కడ ఆగుతోంది. పడుకోబెడితే నడిచి, చేతికి కట్టినప్పుడు నిలువుగా ఉంటే ఆగుతోందంటే బ్యాలెన్స్‌కి, అంటే అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే చిన్న చక్రానికి, బలం చాలట్లేదన్నమాట, ఎందుకంటే నిలబెట్టినప్పుడు దాని ఇరుసు పక్కలు రాళ్లకి ఆనుకుని రాపిడి పెరుగుతుంది. చిన్న దిక్సూచి తీసి వాచ్ పక్కన పెట్టి కూడా చూశారు, దాని ముల్లు కదల్లేదు కాబట్టి అయస్కాంతం గొడవ లేదన్నారు.

తర్వాత వాచ్ టిక్కుటిక్కు విని ఎలా నడుస్తోందో చూపించే టైమింగ్ మిషన్ మీద పెట్టారు. పూర్తిగా కీ ఇచ్చినా బ్యాలెన్స్ ఊపు పడుకోబెట్టినప్పుడు 200 డిగ్రీలే ఉంది, నిలబెట్టగానే 150కి పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్న వాచ్ అయితే పడుకోబెట్టినప్పుడు 270 దాటుతుందట.

కీ ఇస్తే చుట్టుకునే స్ప్రింగ్‌లో ఉన్న టెన్షన్ మెల్లగా వదిలించి, బ్యాలెన్స్ తీసి పక్కన పెట్టి, మళ్లీ కొద్దిగా మాత్రం కీ ఇచ్చి, సూదిమొనతో ప్యాలెట్ ఫోర్క్‌ని, అంటే చక్రాల బలాన్ని బ్యాలెన్స్‌కి అందించే బుల్లి మీటని, కాస్త కదిపారు. మనం అలా కదిపితే చాలు, మిగతా దూరం అదే టక్కున దూకాలి. మాది నీరసంగా జరిగింది. ఆయన కంటి భూతద్దం తీసి నా చేతికిచ్చి "మీరే చూడండి" అన్నారు. ప్యాలెట్ ఇరుసు చుట్టూ, ఎర్రరాయి మీద, నూనె తళతళా మెరుస్తోంది. అక్కడ నూనె వేయనే కూడదు. ఈ వాచ్ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే ఆ బుల్లి ఫోర్క్ సెకనుకి ఐదుసార్లు ఒక పక్క నుంచి రెండో పక్కకి దూకుతూ ఉండాలి. అంత తేలికైన భాగాన్ని నూనె జిగురే పట్టి ఆపేస్తుంది. వేయాల్సిన చోటు వేరే ఉంది, ఫోర్క్ చేతులకి ఉండే ప్యాలెట్ రాళ్ల మొహాల మీద, అదీ కనిపించీ కనిపించనంత.

అంతటితో వదల్లేదు. బ్యారెల్ (స్ప్రింగ్ ఉండే డబ్బీ) మూత తీస్తే లోపల స్ప్రింగ్ చుట్లు నల్లబడిన పాత గ్రీజులో అతుక్కుపోయి ఉన్నాయి, ముందు చేసినవాళ్లు దాన్ని తెరిచిన గుర్తే లేదు. ఒకవైపు రావాల్సిన బలం రాక, ఇంకోవైపు ఫోర్క్ దగ్గర అడ్డం పడి, వాచ్ పాపం ఎలా నడుస్తుంది? కొత్త స్ప్రింగ్ వేయమన్నాను నేను. అక్కర్లేదన్నారు, కడిగితే చాలన్నారు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించాక అసలు స్పేర్లంటే పాత స్టాకే, బాగున్నదాన్ని తీసి పారేయడం ఆయనకి ఇష్టం లేదు. ఊరికే పార్టు మార్చి బిల్లు పెంచకపోవడం నాకెంతో నచ్చింది.

మొత్తం విప్పి, కడిగి, మళ్లీ నూనె వేసి ఇచ్చారు. ఇప్పుడు పడుకోబెడితే 275, నిలబెడితే 240. ఇచ్చేముందు తన దగ్గరే కొన్నాళ్లు పెట్టుకుని రకరకాలుగా తిప్పి చూశారు. 800 రూపాయలు తీసుకున్నారు, ఆ పనికి అది తక్కువే.

ఇబ్బందులూ చెప్పాలి. ఫోన్ చేస్తే ఎత్తరు. తొందర పెడితే వాచ్ తిరిగి ఇచ్చేస్తారు. రసీదు అంటే చిన్న చీటీ ముక్క, అది పోగొట్టుకోకండి. నీళ్లు పోవని గ్యారంటీ ఇవ్వరు, ఈ పాత వాచ్ కట్టుకుని బీచ్‌లో దిగొద్దని గట్టిగానే చెప్తారు.

వెళ్లేముందు మీ వాచ్ ఏ టైము దగ్గర, ఎలా పెట్టినప్పుడు ఆగుతోందో ఓ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆయన మొదట అడిగేది అదే. ఆదివారం కొట్టు ఉండదు, మధ్యాహ్నం భోజనం వేళ కూడా మూసేస్తారు, సాయంత్రం వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు.