ఖాళీ గీత ఉన్నంత వరకే: సాయినగర్ ఆర్టికల్స్ నోట్సు

అనంతపురం సాయినగర్‌లో స్పైరల్ బైండింగు చేసి 60 రూపాయలకు అమ్ముతున్న 32 పేజీల జిరాక్సు నోట్సు ఇది, ఇంగ్లీషు వ్యాకరణంలోని ఆర్టికల్స్ 'ఎ', 'యాన్', 'ద' మీద. రాసినవారి పేరు లేదు. బ్యాంకు, స్టాఫ్ సెలెక్షన్ పరీక్షలకు చదివేవాళ్లు కొంటున్నారు. మొదటి సగం కోసం కొనొచ్చు.

'ఎ', 'యాన్' పాఠం గట్టిగా ఉంది. అచ్చులు ఐదు అని మొదలుపెట్టకుండా, మాట నోట్లో ఏ శబ్దంతో మొదలవుతుందో వినమంటుంది. అవర్, ఆనెస్ట్ మాటల్లో హెచ్ పలకదు కాబట్టి 'యాన్'. యూనివర్సిటీ 'య'తో, వన్ రూపీ కాయిన్ 'వ'తో మొదలవుతాయి కాబట్టి 'ఎ'. పొడి అక్షరాలకూ అంతే: యాన్ ఎఫ్ఐఆర్, యాన్ ఆర్టీసీ బస్, కానీ ఎ యూపీఎస్సీ క్యాండిడేట్. మనవాళ్లు బోల్తా పడేది ఎమ్మెల్యే, ఎస్సై దగ్గర. ఎందుకో నోట్సు చెప్పదు. తెలుగు నోట మాట మొదట్లో వచ్చే 'ఎ' అచ్చుకు ముందు 'య' వచ్చి చేరుతుంది. యమ్మెల్యే, యస్సై అని పలికేవాడి చెవికి 'ఎ' పెట్టడమే సబబనిపిస్తుంది. ముందు ఆ 'య'ను వదిలించి నాలుగుసార్లు పలికిస్తే 'యాన్' దానంతటదే వస్తుంది. ('యాన్' అని మనం రాసేదాంట్లోనే ఒక 'య' దూరి కూర్చుంది, చూడండి.)

11వ పేజీతో పెట్టిన డబ్బులు వచ్చేసినట్టే. తెలుగులో ఆర్టికల్స్ లేకపోయినా, కొత్త సంగతా తెలిసిన సంగతా అన్నది మాటల వరస చెబుతుంది. 'బల్ల మీద పుస్తకం ఉంది' అంటే కొత్తగా చెబుతున్నాం: దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్. 'పుస్తకం బల్ల మీద ఉంది' అంటే ఏ పుస్తకమో ఇద్దరికీ తెలుసు: ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్. 'ఒక' అంటే 'ఎ', 'ఆ' అంటే 'ద' అని బట్టీ పట్టించే చోట ఈ ముక్క దొరకదు. 'ఆ' వేలెత్తి చూపించే మాట, దట్‌కు దగ్గర. 'సూర్యుడు ఉదయించాడు'లో 'ఆ' లేదు, ఇంగ్లీషులో మాత్రం 'ద సన్' తప్పదు.

'ద' పట్టిక మామూలే. నదులకు ఉంటుంది, ద పెన్నా, ద తుంగభద్ర. కడప, కర్నూలు లాంటి ఊళ్లకు ఉండదు. కొండల వరసకు ఉంటుంది, ఒంటి శిఖరానికి ఉండదు.

అసలు లోపం అభ్యాసాల్లో. అన్నీ ఖాళీలు పూరించేవే. గీత కనబడితే చెయ్యి ఏదో ఒకటి రాస్తుంది. తప్పెక్కడుందో పట్టుకోమనే ప్రశ్నలో, సొంతంగా రాసే ఉత్తరంలో గీత ఉండదు. 'మా నాన్న రైతు' అన్న వాక్యం 'మై ఫాదర్ ఈజ్ ఫార్మర్' అయిపోయేది అక్కడే. వృత్తికి ముందు 'ఎ' కావాలన్న సంగతికి నోట్సు ఇచ్చింది ఒకే ఒక్క వాక్యం.

దీనికి మందు ఇలా వేసుకోవచ్చు. రోజూ పది వాక్యాలు రాసి, లెక్కపెట్టగల ఏకవచన నామవాచకాల కిందల్లా గీత గీయండి. దాని ముందు 'ఎ', 'యాన్', 'ద', మై, దిస్, వన్ లాంటిదేదీ లేకపోతే తొంభై పాళ్లు తప్పే. బై బస్, ఎట్ హోమ్, గో టు స్కూల్ లాంటివి మినహాయింపులు, విడిగా రాసిపెట్టుకోండి.

జవాబుల పేజీలో ఒకచోట 'యాన్ యూజ్‌ఫుల్ బుక్' అని అచ్చయింది. కొనగానే పెన్నుతో 'ఎ' అని దిద్దుకోండి.